స్టేజీ ఎక్కే ముందు గుండె దడ



బాన్సువాడలో గిరిజన బాలికల హాస్టల్ నడిపేవాళ్లం మేము. ఏటా మేము చూసే సంగతి ఒకటి ఈ రోజు మీతో చెప్పుకుంటాం. ఉపన్యాసానికో, పాటకో ఉత్సాహంగా పేరు ఇచ్చిన పిల్ల, కార్యక్రమం రేపనగా వచ్చి "మేడమ్, కడుపు నొప్పి" అంటుంది. అది నాటకం కాదు. కడుపులో నిజంగానే తిప్పుతుంది. భయం పుట్టగానే శరీరం అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, అరుగుదల నెమ్మదిస్తుంది, నోరు ఎండుతుంది, చేతులు చల్లబడతాయి. అడవిలో పులి ఎదురైతే పరుగెత్తడానికి మన తాతముత్తాతలకు పనికొచ్చిన ఏర్పాటే ఇది. స్టేజీ మీద పులి లేదని మనకు తెలుసు, ఒంటికి తెలియదు.

మన పిల్లలకు ఇంకో బరువు కూడా ఉంది. ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు, ఆ పైన ఇంగ్లిషు. మాట తడబడితే నవ్వుతారని జంకుతారు. ఇవాళ పేరు కొట్టేయించుకున్న పిల్ల రేపు క్లాసులో సందేహం అడగదు. ఎల్లుండి ఉద్యోగం ఇంటర్వ్యూకి పోదు. అందుకే దీన్ని చిన్న విషయమని మేము వదిలేయం.

మన పాత నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ మీ అందరికీ తెలుసు. తాడ్వాయి గురుకులంలో చదువుకున్న ఈ అమ్మాయి 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమె నేరుగా ఎవరెస్టు దగ్గరికి పోలేదు. ముందు భువనగిరి గుట్ట ఎక్కడం నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకుంది, ఆ తర్వాత లడఖ్ చలిని తట్టుకుంది. ఒక్కో మెట్టూ అలవాటయ్యాకే పై మెట్టు.

మా హాస్టల్లోనూ అదే వరస. మొదటి రోజు గోడ ముందు నిలబడి చెప్పాలి. మర్నాడు పక్క మంచం స్నేహితురాలి ముందు. తర్వాత భోజనాల వేళ అందరి ముందు. చివరికి మైకు పట్టుకుని చెప్పాలి. మొదటి రెండు వాక్యాలు మాత్రం నిద్రలో లేపినా రావాలి. ఆ మొదటి నిమిషం గడిస్తే దడ చాలావరకు దానంతటదే దిగుతుంది.

పేరు పిలిచే ముందు నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఊపిరి నెమ్మదిగా వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది. ఇలా అయిదారు సార్లు చేస్తే చాలు.

"భయం లేదు, భయం లేదు" అని మనసుకు చెప్పుకుంటే అది వినదు. "నాకు ఉత్సాహంగా ఉంది" అని చెప్పుకోండి. హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, పాట పాడే ముందు ఈ మాట పైకి అన్నవాళ్లు మిగతావాళ్లకన్నా బాగా పాడారు. భయంలోనూ ఉత్సాహంలోనూ గుండె ఒకేలా కొట్టుకుంటుంది. దానికి ఏ పేరు పెట్టాలన్నది మన చేతిలో ఉంది.

ఇదంతా మనకు కొత్తేమీ కాదు. తీజ్ పండుగ గుర్తు చేసుకోండి. గోధుమ మొలకల బుట్టలకు నీళ్లు పోస్తూ, వాటి చుట్టూ ఆడుతూ పాడుతూ మన ఆడపిల్లలు రోజులు గడుపుతారు. తొమ్మిదో రోజు తాండా అంతా చూస్తున్నా వాళ్ల గొంతు వణకదు. ఎనిమిది రోజులు పాడారు, పైగా పక్కన చేయి పట్టుకున్నవాళ్లు ఉన్నారు. స్కూలు స్టేజీ మీద నోరు పెగలని పిల్ల, తీజ్‌లో అందరికన్నా గట్టిగా పాడే పిల్ల, చాలాసార్లు ఒక్కతే.

పెద్దలకు ఒక్క మనవి. పిల్ల తడబడితే నవ్వకండి, అందించకండి. కాసేపు ఆగండి, మాట అదే వస్తుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సాయంత్రం మన పిల్లలు ఈ స్టేజీ ఎక్కుతున్నారు. వాళ్లలో కొందరికి ఇదే మొదటిసారి. ముందు వరసలో కూర్చోండి, వాళ్ల కళ్లకు కనబడండి, నోరు తెరవకముందే చప్పట్లు కొట్టండి.

జై సేవాలాల్.