పిల్లగాడు మాట వింటలేడంటే...

మార్కండేయ మహామునిని తలచుకొని, భవానీ పేట్ తల్లిదండ్రుల తరఫున మేము నాలుగు మాటలు మనవి చేస్తున్నాం.

మన తాతలు తెలంగాణ పల్లెల నుంచి సోలాపూర్ వచ్చి మగ్గాలు నేశారు. తర్వాత సాంచలు వచ్చాయి. ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుట్టి పిల్లలను చదివించారు. కష్టానికి మనం ఎప్పుడూ భయపడలేదు. కానీ ఇవాళ ఇంటింటా ఒకటే మాట: "పిల్లగాడు మాట వింటలేడు."

మా గల్లీలో జరిగిందే చెప్తాం. పన్నెండేండ్ల పిల్లగాడు బడికని చెప్పి బజార్ల తిరిగేవాడు. అబద్ధాలు నేర్చాడు. సంచిలో గుట్కా పుడి దొరికింది. రాత్రిపాళీ చేసి వచ్చిన తండ్రి బెల్టు తీశాడు. "ఇంకో రెండు తగిలియ్యి, దారికొస్తడు" అన్నది మేమే. ఆ రాత్రి పిల్లగాడు ఇంటికి రాలేదు. తెల్లవారుజామున రైల్వే స్టేషన్‌లో దొరికాడు.

వాళ్ల నాయనమ్మ తిట్టలేదు. అన్నం పెట్టి, తిన్నాక అడిగింది: "బడికెందుకు పోతలేవు బిడ్డా?"

"పొద్దుగాల బీడీలు కార్ఖానాల ఇచ్చి పోయేసరికి ఆలస్యమైతంది. బయట నిలబెడ్తరు. అందరు నవ్వుతరు."

ఆ బీడీలు ఇచ్చి రమ్మని పంపింది మనమే కదా! బయట నిలబడలేక బజారు పట్టాడు, బజార్ల గుట్కా దొరికింది. మరునాటి నుంచి ఆ పని తండ్రి తీసుకున్నాడు. పిల్లగాడు వేళకు బడికి పోయాడు. గుట్కా ఒక్కరోజులో పోలేదు, నెలలు పట్టింది. కానీ అబద్ధం చెప్పే అవసరం మాత్రం పోయింది.

సాంచ మీద పేక పోగు తెగితే సాంచ దానంతటదే ఆగుతుంది. పడుగు పోగు తెగితే చాలా సాంచలు ఆగవు. మనం చూసి ముడి వెయ్యకుంటే గుడ్డ పొడుగునా గీత పడుతుంది. పిల్లల సంగతీ అంతే.

అందుకని మేము కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. రోజూ ఒక పావుగంట ఫోను పక్కన పెట్టి పిల్లల మాట వినాలి. మంచి పని చేస్తే అప్పుడే చెప్పాలి. "ఉరకకు" అనేకన్నా "మెల్లగ నడువు" అంటే చిన్నపిల్లలకు తెలుస్తుంది. ఏడ్చినప్పుడల్లా ఫోను ఇస్తే ఏడుపే నేర్పినట్టు. ఇంట్లో నియమాలు కొన్నే ఉండాలి, కానీ అమ్మా నాయినా ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి. కోపం వస్తే ముందు మనం బయటికి పోయి నీళ్లు తాగి రావాలి. కొట్టొద్దు. బడిలో కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టమే నిషేధించింది. ఇంట్లో మాత్రం ఎందుకు?

మహారాష్ట్రలో 2012లోనే గుట్కా నిషేధించారు. పద్దెనిమిదేండ్ల లోపు వారికి పొగాకు అమ్మడం 2003 నాటి చట్టం ప్రకారం నేరం. అయినా పుడి పిల్లల చేతికి వస్తోందంటే, దుకాణదారును అడగవలసింది పెద్దలం మనమే.

పిల్లల నిద్ర, తిండి, చదువు వారాల తరబడి చెడిపోతే, చచ్చిపోతానన్న మాట వస్తే ఆలస్యం చెయ్యొద్దు. డాక్టరు దగ్గరికి పోవడం సిగ్గు కాదు. 14416 టెలిమానస్‌కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది.

నారళీ పౌర్ణమికి మార్కండేయుని రథం వెంట పిల్లలను భుజాల మీద మోస్తాం. మిగతా రోజుల్లో కనీసం పక్కన కూర్చుందాం. సెలవు.