మందులకు లొంగని మూర్ఛ – అనుకోని ఉపశమనము

మూర్ఛ వచ్చి పడినవాని చేతిలో తాళపుచెవుల గుత్తి నుంచుట మన యిండ్లలో నేటికిని కలదు. మూర్ఛ సాధారణముగా రెండు మూడు నిమిషములలో తనంతట తానే శమించును; కీర్తి మాత్రము ఇనుమునకు దక్కును. కనుక అనుకోని ఉపశమనమును చూచినపుడు మొదట అడుగవలసినది, అది కాకతాళీయమా, కారణము కలదా యని.

అట్టి ఉపశమనములన్నియు భ్రమలు కావు. ఉపవాసదినములలో మూర్ఛలు తగ్గుట ప్రాచీన గ్రీకులనాటినుండియు తెలిసినదే. కాని మనుష్యుడెన్నినాళ్లు పస్తుండగలడు? 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ ఒక ఉపాయము సూచించెను: భోజనము పెట్టుచునే శరీరమును ఉపవాసస్థితి యందుంచుట. అన్నము, చక్కెర వంటివానిని మిక్కిలి తగ్గించి, వెన్న, నూనె వంటి కొవ్వును హెచ్చించినచో, కాలేయము కొవ్వునుండి కీటోనులను తయారుచేయును; మెదడు వానిని ఇంధనముగా గ్రహించును.

1938లో ఫెనిటాయిన్ వచ్చుటతో మాత్ర సులభమయ్యెను, పథ్యము మరుగుపడెను. అయినను మాత్రలకు లొంగని మూర్ఛలు మిగిలియే యున్నవి. తగిన మందులు రెండింటిని సరిగా వాడినను ఆగనివానిని మందులకు లొంగని మూర్ఛలందురు. రోగులలో సుమారు మూడవవంతు ఇట్టివారే.

1993లో చలనచిత్ర దర్శకుడు జిమ్ అబ్రహామ్స్ పసికుమారునకు ఎన్ని మందులిచ్చినను, శస్త్రచికిత్స చేసినను ఫలితము లేకపోయెను. తండ్రి గ్రంథాలయమున వెదకి యీ పథ్యమును కనుగొనెను. బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో దానిని ప్రారంభించిన కొలదిదినములకే మూర్ఛలు ఆగిపోయినవి.

ఒక్క బాలుని కథ నిదర్శనము కాజాలదు. 145 మంది పిల్లలపై లండనులో జరిగిన పరీక్షా ఫలితములు 2008లో వెలువడినవి. మూడు నెలలకు మూర్ఛలు సగమునకు మించి తగ్గినవారు పథ్యమున్నవారిలో నూటికి 38, లేనివారిలో నూటికి 6. అనగా ఇది భ్రమ కాదు. అందరకు ఫలించునదియు కాదు.

మేము మనవిచేయదలచిన దొక్కటి. ఇది నేతిగిన్నె ముందుంచుకొని ఇంట మొదలుపెట్టు పథ్యము కాదు. ప్రతి ముద్దను తూచవలెను. మూత్రపిండములలో రాళ్లు ఏర్పడవచ్చును, ఎదుగుదల మందగింపవచ్చును. పుట్టుకతో వచ్చు కొన్ని జీవక్రియాలోపములున్నవారికి ప్రాణాపాయము కూడ. మూర్ఛ ఆగినదని మాత్రలను హఠాత్తుగా మానరాదు. రెండు మందులు విఫలమైనచో నిరాశ చెందక, శస్త్రచికిత్సయో పథ్యమో తగునా యని నాడీవైద్యుని అడుగుడు.

ఇక తాళపుచెవులను మేకుననే యుండనిండు. పడినవానిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, నోటిలో ఏమియు పెట్టక, గడియారమును చూడుడు. ఐదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి తీసికొనిపొండు.