చర్చిలో కొత్త బాణీలు – మన గోర్ పాట

(సిద్దిపేటలో మన సంఘం సాంస్కృతిక సభలో యువతను ఉద్దేశించి ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

నాకిచ్చిన అంశం ‘ఆరాధనలో ఆధునిక సంగీతం’. సాంస్కృతిక సభలో చర్చి పాటల ముచ్చట ఎందుకని కొందరికి అనిపించొచ్చు. మన తండాల్లో సేవాలాల్ మహారాజ్‌కు భోగ్ పెట్టే ఇళ్లున్నాయి, ఆదివారం చర్చికి పోయే ఇళ్లున్నాయి. రెండూ ఉన్న కుటుంబాలూ ఉన్నాయి. నేను తండాలో పుట్టినదాన్ని, ఆదివారం చర్చికి వెళ్లేదాన్ని. ఎవరు ఎవరిని ఆరాధించాలన్నది ఎవరి ఇష్టం వారిది. కానీ మన పిల్లలు ఏ భాషలో పాడుతున్నారు, ఏ వాయిద్యం పట్టుకుంటున్నారు అన్నది మనందరి విషయం. అందుకే ఒప్పుకున్నాను.

వాదన మీకు తెలిసిందే. పెద్దలంటారు: “ఇది చర్చా, డీజేనా? కీబోర్డు, రిథమ్ ప్యాడ్, చెవులు పగిలే బాక్సులు. సినిమా పాటకు యేసు పేరు తగిలిస్తే ఆరాధన అయితదా?” మీరంటారు: “పాత కీర్తనలు మాకు అర్థం కావు. మా వయసువాళ్లు రావాలంటే మా సంగీతం ఉండాలె.” రెండు మాటల్లోనూ నిజముంది. ముందు పెద్దలకు ఒక మాట, తర్వాత మీకు ఒక మాట చెబుతాను.

పెద్దలారా, మనం ‘పాత పాట’ అంటున్నది ఒకప్పటి కొత్త పాటే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. పాట పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. అందులో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890లో కన్నుమూశారు. త్యాగయ్య గారు పోయిన 1847 నాటికి ఈయన నలభై దాటినవారు. అంటే కీర్తన అప్పట్లో జనం భజనల్లో పాడుకుంటున్న సజీవ సంగీతం. దొరలు తెచ్చిన ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు అతికించి పాడే రోజుల్లో, ఆయన జనం చెవికి అలవాటైన బాణీని దేవుని పాటకు తెచ్చారు. ఈరోజు మనం గౌరవంగా పాడుతున్నది దాన్నే.

బయటి దేశాల్లోనూ ఇంతే. చర్చి అనగానే గుర్తొచ్చే ఆర్గన్‌ను స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్ చర్చిల్లోకి చాలాకాలం రానివ్వలేదు. ‘ఈలల పెట్టె’ అని ఎగతాళి చేశారు. మన దగ్గర 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ సినిమా పాటలు థియేటర్లోనే ఆగిపోలేదు, చర్చిల్లోకీ వచ్చాయి.  మన సిద్దిపేట 2016 దాకా మెదక్ జిల్లాలోదే కదా, ఆ మెదక్ చర్చినే చూడండి. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన ఆ కట్టడం తీరు మనది కాదు, యూరప్‌ది. వందేళ్లలో అది ఇక్కడి జనానికి సొంతమైంది. కాబట్టి ఒక తీరు ఎక్కడ పుట్టిందన్న ఒక్క కారణంతో దాన్ని బయట నిలబెట్టలేం. కీబోర్డు పాపం కాదు, ప్యాడ్ పాపం కాదు. 150వ కీర్తనలో బూర ఉంది, తంబుర ఉంది, గట్టిగా మోగే తాళాలు కూడా ఉన్నాయి.

ఇక మీ వంతు. “మార్టిన్ లూథర్ సారా కొట్టు పాటలకే దేవుని మాటలు పెట్టాడు, మేం చేస్తే తప్పేంటి” అనే మాట వీడియోల్లో వింటుంటారు. ఆ సారా కొట్టు కథకు ఆధారం లేదు. జరిగింది వేరు. ఆయన ఒక క్రిస్మస్ పాటను మొదట జనంలో ఉన్న ఒక పొడుపుకథ పాట బాణీలో పాడించాడు. 1539లో అదే పాట కొత్త బాణీతో అచ్చయింది. ఇప్పటికీ పాడుతున్నది ఆ కొత్త బాణీనే. జనం బాణీ తీసుకోవచ్చు, అది కుదరకపోతే మార్చనూ వచ్చు. రెండూ ఆయన కాలంలోనే జరిగాయి.

బాణీ ఒంటరిగా రాదు, తన పాత మాటల్ని వెంటబెట్టుకొని వస్తుంది. మొన్నటి ఐటెం సాంగ్ బాణీలో స్తోత్రం పాడితే, పాడేవాడి నోట్లో స్తోత్రం ఉన్నా వినేవాడి కళ్ల ముందు ఆ డాన్సే ఉంటుంది. ఇది మీ భక్తిలో లోపం కాదు, మనిషి జ్ఞాపకం పనిచేసే తీరే అంత. టీచర్ ట్రైనింగ్‌లో మాకు నేర్పింది కూడా ఇదే: ఎక్కాలు రాగం కట్టి చెప్పిస్తే, రాగం ఎత్తగానే ఎక్కం దానంతటదే వస్తుంది.

అందుకని ఏ పాటైనా చర్చికి తెచ్చేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: వేదిక మీదున్న నలుగురే పాడుతున్నారా, కింద కూర్చున్న అందరూ పాడుతున్నారా? సౌండ్ ఎంత పెంచితే పక్కవాళ్ల గొంతు వినబడదో, అక్కడికి ఆరాధన కచేరీ అయిపోతుంది.

రెండోది: కరెంటు పోతే పాట మిగులుతుందా? ట్రాక్ ఆగగానే పాట కూడా ఆగిపోతే, అది ఇంకా మీ పాట కాలేదు. చప్పట్లతో ఒకసారి పాడి చూడండి, తెలిసిపోతుంది.

మూడోది: మాటకు అర్థం ఉందా? ఆత్మతో పాడతాను, మనసుతోనూ పాడతాను అన్నాడు పౌలు కొరింథీయులతో. ఆమోసు ప్రవక్త ఇంకో అడుగు ముందుకేశాడు. న్యాయం లేని చోట మీ పాటలు నాకొద్దు అని దేవుడే అన్నట్టు చెప్పాడు. బాక్సుల కోసం తండాలో ఇంటింటికీ చందా రాసి, కూలి దొరకని ఇల్లాలి దగ్గర కూడా వసూలు చేస్తే, ఆ బాక్సుల్లో ఎంత మంచి పాట మోగినా లాభం లేదు.

ఈ మూడింటికన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది. చర్చిలో తెలుగు కీర్తనా, తెలుగు డీజేనా అని కొట్లాడుకుంటున్నాం. ఈ కొట్లాటలో మన గోర్ బోలి ఎక్కడుంది? మన నగారా ఎక్కడుంది?

మా హాస్టల్లో పిల్లలతో నేను ఏ మతం ప్రార్థనా చేయించను, అది సర్కారు హాస్టల్. కానీ ఆదివారం సాయంత్రం వాళ్లంతట వాళ్లు పాడుకుంటుంటే వింటాను. ఫోన్లో విన్న ఆరాధన పాటలు పది దాకా కంఠతా పాడతారు. సినిమా పాటలు అంతకంటే ఎక్కువ వచ్చు. “ఢావలో ఒకటి పాడండమ్మా” అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పెళ్లికూతురు పుట్టింటిని విడిచి పోయేటప్పుడు ఏడుస్తూ పాడే పాట అది. వాళ్ల యాడీకి కొంచెం వచ్చు, దాదీకి పూర్తిగా వచ్చు. ఆ దాదీ చర్చికి వస్తే తెలుగు కీర్తన రాక ఊరుకుంటుంది, ప్యాడ్ పాట వేగం అందక ఊరుకుంటుంది. రెండు పక్షాలూ ఆమె పేరు చెప్పే వాదిస్తాయి. ఆమెకు వచ్చిన పాట మాత్రం ఎవరూ అడగరు.

2011 జనగణనలో లంబాడీ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే. అయినా లెక్కల్లో మన భాషను హిందీ కింద కలిపేశారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో దానికి చోటు లేదు. సొంత లిపీ లేదు. ఇలాంటి భాష పాటల్లోనే బతకాలి. పెళ్లిలో డీజే, చర్చిలో ట్రాక్, ఇంట్లో టీవీ అయితే ఇక అది ఎక్కడ బతుకుతుంది?

మిజోరం వాళ్లకు ఇదే కష్టం వచ్చింది. 1894లో మిషనరీలు అక్కడ అడుగుపెట్టారు. మిజోల డప్పు ‘ఖువాంగ్’ తాగుడు విందుల్లో మోగేది కనుక దాన్ని చర్చికి దూరం పెట్టారు. సోల్ఫా నేర్పి ఇంగ్లీషు బాణీలు పాడించారు. జనం పాడారు గానీ మనసు నిండలేదు. 1919లో మొదలైన ఉజ్జీవంతో డప్పు చర్చిలో నిలబడింది, మిజో గొంతుకు తగ్గ కొత్త పాట పుట్టింది. ఈరోజు అక్కడి చర్చిల్లో ఖువాంగ్ లేకుండా పాట సాగదు. అదే మిజో పిల్లలు గిటారూ గొప్పగా వాయిస్తారు. సొంతది చేతిలో ఉంటే బయటిది తీసుకున్నా భయం లేదు.

తమిళ దేశంలో థియోఫిలస్ అప్పావు అనే పాస్టరు గారు కూడా ఇదే పని చేశారు. మదురైలోని వేదాంత కళాశాలలో పాఠాలు చెబుతూ, పల్లె జనం పాటల తీరులో ఆరాధన క్రమమే రాశారు. అంటరానిదని పక్కన పెట్టిన పఱై డప్పుకు ఆరాధనలో గౌరవం తెచ్చారు.

మనం ఏం తేవొచ్చు? నగారా దరువు తేవొచ్చు. కంచు పళ్లెం మోత తేవొచ్చు. హోళీకి ఒకరు అందిస్తే గుంపంతా అందుకునే లేంగీ పద్ధతి తేవొచ్చు. అందరూ పాడటానికి దానికంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు. ఢావలోలో ఉన్న దుఃఖం శుక్రవారం సిలువ ధ్యానానికి ఎంత సరిపోతుందో ఆలోచించండి.

ఒక హద్దు మాత్రం గట్టిగా చెబుతాను. తీజ్ పాటలు, భోగ్ దగ్గర పాడే పాటలు మన వాళ్ల పూజ. వాటిలో పేరు మార్చి యేసు పేరు పెట్టడం తగదు. మీ స్తోత్రంలో పేరు మార్చి ఇంకెవరైనా పాడితే మీకెలా ఉంటుందో, మీ కాకాకూ, మీ ఫూఫీకీ అలాగే ఉంటుంది. దరువు, భాష, పాడే తీరు మనందరి ఆస్తి. పూజ పాట మాత్రం పూజ చేసేవాళ్లది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ఒక హోంవర్క్ ఇస్తున్నా. వచ్చే ఫిబ్రవరి 15, సేవాలాల్ జయంతి లోపల ప్రతి ఒక్కరూ మీ దాదీ దగ్గర కూర్చొని ఒక ఢావలో, ఒక లేంగీ ఫోన్లో రికార్డు చేయండి. మాటలు తెలుగు లిపిలో, గోర్ బోలిలోనే రాసుకోండి. పాడింది ఎవరో, ఏ తండావారో కింద రాయండి. చర్చికి వెళ్లే పిల్లలు ఇంకో పని చేయండి: గోర్ బోలిలో మీ సొంత పాట ఒకటి కట్టి, మీ దాదీతో మొదటి చరణం ఎత్తించండి. కీబోర్డు కావాలంటే పెట్టుకోండి, కానీ ఆమె గొంతు వినబడేంత సౌండే పెట్టండి.

 జై సేవాలాల్.