నలభై అంతస్తుల ఫ్లాట్‌లో మీ భూమి ఎంత?

ఈ ఎపిసోడ్ మా ఊరి నుంచే మొదలుపెడతా. మాది రేగొండ, భూపాలపల్లి జిల్లా. మొన్న పండక్కి పోతే మా చిన్నాయన ఒక బ్రోషర్ చేతిలో పెట్టిండు. హైదరాబాద్‌లో కోకాపేట దగ్గర నలభై అంతస్తుల టవర్. ఎకరం పత్తి చేను అమ్మి అడ్వాన్స్ కడతాడట, మిగతాది తమ్ముడి పేరు మీద లోన్.

"అరేయ్, మన ఊర్లె రెండో అంతస్తు ఏస్తెనే పెద్దిల్లు అంటరు. గక్కడ నలభై ఎందుకు లేపుతున్నరు బిడ్డా?" అని అడిగిండు. మంచి ప్రశ్న కదా? జవాబు మొత్తం భూమి ధరలో ఉంది.

2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ కోకాపేట నియోపోలిస్ ప్లాట్లు వేలం వేసింది. అత్యధిక ధర ఎకరం 100.75 కోట్లు. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం సుమారు 2 లక్షల 8 వేలు.

ఇప్పుడు మీరే బిల్డర్ అనుకోండి. రోడ్లు, ఖాళీ జాగా పోను స్థలంలో నాలుగో వంతులో బిల్డింగ్ లేపుతున్నారు. పది అంతస్తులు కడితే ఒక్కో చదరపు అడుగు మీద భూమి ఖర్చే 9,250 రూపాయలు పడుతది. నలభై కడితే అదే 2,313కి దిగుతది. అందుకే ఆకాశం వైపు పోతారు.

మరి యాభై, అరవై, వంద ఎందుకు కట్టరు? నలభై నుంచి యాభైకి పోతే భూమి ఖర్చులో మిగిలేది అడుగుకు దాదాపు 460 మాత్రమే. ఖర్చులు మాత్రం పెరుగుతనే ఉంటయ్. ఎత్తు పెరిగితే గాలి ఒత్తిడి తట్టుకునే కాంక్రీటు, స్టీలు ఎక్కువ కావాలి. లిఫ్టులు పెరుగుతయ్, ప్రతి అంతస్తులో అవి తినే జాగా అమ్ముకోలేం. నీళ్ల పంపులు, ఫైర్ సేఫ్టీ, అన్నీ అదనమే. పైగా టైమ్! కట్టడానికి ఏండ్లు పడితే అప్పు మీద వడ్డీ నడుస్తనే ఉంటది. పై ఫ్లోర్లకు వ్యూ బాగుంటదని 'ఫ్లోర్ రైజ్' పేరుతో ఎక్కువ తీసుకుంటరు. కానీ ఆఖరి అంతస్తు తెచ్చే డబ్బు, దాని ఖర్చుకు సమానమయ్యే చోట బిల్డర్ ఆగాల్సిందే.

ఇది పాత లెక్కే. 1930లో న్యూయార్క్‌లో క్లార్క్ అనే ఆర్థికవేత్త, కింగ్‌స్టన్ అనే ఆర్కిటెక్ట్ ఒకే స్థలం మీద రకరకాల ఎత్తులు లెక్కేశారు. 8 అంతస్తులకు రాబడి 4.22 శాతం. 63 అంతస్తులకు 10.25 శాతం. 75కి పోతే 10.06కి తగ్గింది!

హైదరాబాద్‌లో ఇంకో సంగతి. చాలా నగరాల్లో స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలని ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఉంటది. ఇక్కడ 2006లో జీవో 86తో దాన్ని తీసేశారు. ఇప్పుడు ఎత్తును ఆపేది ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం, ఎయిర్‌పోర్ట్, ఫైర్ పర్మిషన్లు. అవన్నీ దాటినంక మిగిలేది బిల్డర్ లెక్క ఒక్కటే.

మరి రేగొండలో? మాటవరసకు గజం 5 వేలు అనుకుందాం. 200 గజాల ప్లాటు 10 లక్షలు. అంతస్తుకు వెయ్యి అడుగులు కడితే, మూడో అంతస్తు వేసినందుకు భూమి ఖర్చులో అడుగుకు మిగిలేది 167 రూపాయలు. దానికోసం లిఫ్టు ఎవరు పెడతరు? పక్క ప్లాటు కొనుడే నయం.

ఇప్పుడు అసలు విషయం. బిల్డర్‌కు ఎత్తు లాభం. కొనేవాళ్లకు? ఆ నలభై అంతస్తుల్లో 1,800 అడుగుల ఫ్లాట్ కొంటే, రిజిస్ట్రేషన్ కాగితంలో మీకొచ్చే భూమి వాటా, అదే యూడీఎస్, సరిగ్గా 20 గజాలు. పది అంతస్తులైతే 80 గజాలు. బిల్డింగ్ ఏటేటా పాతబడుతది, లిఫ్టుల మెయింటెనెన్స్ నెలనెలా కట్టాలి. ఏండ్లు గడిచినా విలువ పెరిగేది ఎక్కువగా ఆ భూమికే.

చిన్నాయనకు ఇదే చెప్పిన. గుంటకు 121 గజాలు. నలభై గుంటల చేను పోయి, గుంటలో ఆరో వంతు వస్తది, పైన లోను. ఆయన చాలాసేపు మాట్లాడలే. కోకాపేట గజం ఖరీదు వేరే, నిజమే. ఆ 20 గజాలకే 41 లక్షల పైన విలువ. తమ్ముడు అక్కడే ఉద్యోగం చేస్తూ అందులో ఉంటే తప్పేం కాదు. కానీ తెలిసి కొనాలి.

అందుకే ఏజెంట్‌కు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగమన్న. రెరా నంబర్ ఎంత? యూడీఎస్ ఎన్ని గజాలు? "ఇది ప్రీ-లాంచ్ సార్, నంబర్ తర్వాత వస్తది" అన్నడు. రెరా చట్టం ప్రకారం ఇట్లాంటి ప్రాజెక్టు రిజిస్టర్ కాకముందు అమ్మకూడదు, ప్రచారం కూడా చేయకూడదు. చిన్నాయన ఫోన్ పెట్టేసి, బ్రోషర్ మడిచి పక్కన పడేసిండు. చేను ఇంకా ఆయన పేరు మీదనే ఉంది.

మీ ఇంట్ల కూడా ఎవరైనా ఇట్లాంటి బ్రోషర్ పట్టుకుని తిరుగుతుంటే, ముందు ఆ రెండు ప్రశ్నలు అడిగించండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.