పరాయి గుడిలో ప్రార్థన

మన మతం కాని చోట దేవుణ్ణి ఎలా పలకరించాలి?

తిరుత్తణిలో, 1888లో, ఒక తెలుగు ఇంట పుట్టారు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఊరి కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి. చదువేమో చాలావరకు క్రైస్తవ మిషన్ విద్యాలయాల్లో. పెద్దయ్యాక ఆక్స్‌ఫర్డ్‌లో, మాంచెస్టర్ కాలేజీ ప్రార్థనాలయంలో ప్రసంగించారు. అది క్రైస్తవుల వేదిక, మాట్లాడింది హిందువు. ఆయన మతం మారలేదు, మారినట్టు నటించనూ లేదు. నాకు నచ్చింది అదే.

తిరుత్తణికి దగ్గర్లోనే ఉన్న తిరువళ్ళూరు స్థలపురాణం ఇంకా తమాషా. శాలిహోత్ర మహర్షి ఉపవాసం ముగించి తినబోతుంటే, ముక్కూమొహం తెలియని ముసలాయన వచ్చి ఆకలన్నాడు. ఋషి ఉన్న పిండిలో కొంత పెట్టాడు. చాల్లేదన్నాడు. ఋషి తన వాటా కూడా పెట్టేశాడు. తిన్నాక ముసలాయన, ఎక్కడ పడుకోమంటావన్నాడు! ఋషి తన పాక చూపించాడు. పడుకున్నది వీరరాఘవస్వామి. అంటే, అక్కడ పరాయివాడు దేవుడే. ఇప్పటికీ గర్భగుడిలో స్వామి పవళించే ఉంటాడు, కుడిచెయ్యి ఋషి తల మీద.

మరి మనం? చుట్టంలా వెళ్ళండి. చెప్పులు విడవమంటే విడవండి. తల కప్పుకోమంటే కప్పుకోండి. ఇంతవరకే అంటే అక్కడే ఆగండి. వాళ్ళ ప్రార్థన రాకపోతే మనసులో తెలుగులోనే చెప్పుకోండి. వచ్చినట్టు పెదవులు కదపనక్కర్లేదు.