మూడో రివిజన్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్మాణ రంగంలో కంప్యూటర్ల గురించి ఒక ఇరవై నిమిషాలు చెప్పమన్నారు కార్యదర్శి గారు. ముందు వరసలో మా డ్రాయింగ్ మాస్టారు కూర్చున్నారు కాబట్టి కాస్త భయంగానే మొదలుపెడుతున్నాను. పెన్సిల్ చెక్కకుండా క్లాసుకొస్తే ఆయన ఏం చేసేవారో నా బ్యాచ్ వాళ్లకి చెప్పక్కర్లేదు.

నేను ఉద్యోగంలో చేరేసరికి మా ఆఫీసులో కంప్యూటర్ లేదు. ట్రేసింగ్ పేపరు మీద రోట్రింగ్ పెన్నుతో గీసేవాళ్లం. తప్పు పడితే బ్లేడుతో గీకి, అదే చోట మళ్లీ గీయాలి. దాన్నుంచి అమ్మోనియా ప్రింట్లు తీసి సైటుకి పంపేవాళ్లు. ఆ కట్ట విప్పగానే కళ్లు మండేవి. ప్రతి డ్రాయింగుకీ కింద కుడి మూల ఒక డబ్బా, అందులో రివిజన్ నంబరు. ఆ చిన్న నంబరు చూడకపోవడం వల్ల జరిగిన సంగతి ముందు చెబుతాను.

1994. హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రి కడుతున్నాం. నేను సైటు ఇంజనీరుని. మూడో అంతస్తు స్లాబుకి సెంట్రింగ్ అయిపోయింది, కడ్డీలు కడుతున్నారు. నా చేతిలో ఉన్నది రెండో రివిజన్. ఆర్కిటెక్టు బాత్‌రూముల్ని ఆరడుగులు జరిపి మూడో రివిజన్ పంపాడు. అది శనివారం సాయంత్రం సైటాఫీసుకి వచ్చింది. స్టోరు కుర్రాడు కవరు విప్పకుండా సొరుగులో పెట్టాడు. ప్లంబింగ్ కాంట్రాక్టరుకి మాత్రం అతని కాపీ నేరుగా అందింది. అతను దాన్ని చూసి కింది అంతస్తు గోడ మీద సుద్దతో గుర్తులు పెట్టుకున్నాడు.

రాడ్ల మేస్త్రీ పాలమూరు మనిషి, యాభై దాటినవాడు. ఆదివారం నా దగ్గరకొచ్చి, "సారూ, పైపులోళ్ల గీత ఈ బీములకెల్లి పోతుంది. ఒక్కసారి అడుగుండ్రి" అన్నాడు. నాకు ఇరవై ఏడేళ్లు. సోమవారం కాంక్రీటు వేస్తామని పైవాళ్లకి మాటిచ్చి ఉన్నాను. "ఆలోచించే పని మాది, కట్టే పని నీది" అన్నాను. అచ్చంగా ఇవే మాటలు.

సోమవారం స్లాబు వేసేశాం. సెంట్రింగ్ విప్పాక ప్లంబరు వచ్చి తన రంధ్రం ఏదని అడిగాడు. లేదు. అతని మనుషులు ఒక రాత్రి సుత్తీ ఉలీ పట్టుకుని బీముని తొలిచారు. అడుగు కడ్డీలు రెండు తెగిపోయాయి. బీము మధ్యలో అడుగు కడ్డీ తెగడమంటే ఏమిటో ఇక్కడున్న ఇంజనీర్లకి తెలుసు, లాగుడు బలమంతా మోసేది అదే. స్ట్రక్చరల్ కన్సల్టెంటు వచ్చి, కింద ప్రాపులు పెట్టించి, బీము చుట్టూ కొత్త కడ్డీలతో జాకెటింగ్ చేయించాడు. పద్దెనిమిది రోజులు పోయాయి. నష్టంలో కొంత మేస్త్రీ బిల్లులో కోశారు, 'సమాచారం ఇవ్వలేదు' అని రాసి. ఆ కాగితం నా బల్ల మీదుగానే వెళ్లింది. నేను సంతకం పెట్టాను. అతను ముందే చెప్పాడన్న మాట నోట్లోంచి రాలేదు. పండక్కి ఊరికి వెళ్లిన మేస్త్రీ మళ్లీ మా సైటుకి రాలేదు. తర్వాత రెండుసార్లు వాకబు చేశాను, దొరకలేదు.

ఇది నా ఒక్కడి కథ అనుకునేవాణ్ని, కాన్సాస్ సిటీ సంగతి చదివేదాకా. 1981 జులై 17న అమెరికాలో, ఆ ఊరి హయాత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడవలు రెండు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైనులో పైకప్పు నుంచి దిగే ఒకే పొడవాటి కడ్డీ నాలుగో అంతస్తు నడవనీ, దాని కింద రెండో అంతస్తు నడవనీ మోయాలి. ఇనుప పని చేసేవాళ్లకి అంత పొడవు కడ్డీ కష్టమై, దాన్ని రెండు ముక్కలు చేశారు. చూడ్డానికి చిన్న మార్పు. ఒక తాడు పట్టుకుని ఇద్దరు వేలాడుతున్నారనుకోండి, ఎవరి బరువు వాళ్ల చేతుల మీదే ఉంటుంది. కిందివాడు తాడు వదిలి పైవాడి కాళ్లు పట్టుకుంటే పైవాడి చేతుల మీద ఇద్దరి బరువు పడుతుంది. అక్కడ జరిగింది అదే. మొదటి డిజైనే నిబంధనలకు చాలలేదని విచారణలో తేలింది, ఈ మార్పుతో ఆ అతుకు మీద బరువు రెట్టింపైంది. మార్చిన డ్రాయింగు మీద ఇంజనీర్ల ఆమోద ముద్ర ఉంది. ఎవరూ మళ్లీ లెక్క వేయలేదు.

ఇక కంప్యూటర్ దగ్గరికి వస్తాను. 1982లో ఆటోక్యాడ్ వచ్చింది. మా దాకా రావడానికి ఇంకో పుష్కరం పైన పట్టింది. అది బ్లేడు బాధ తప్పించింది, అంతే. గీత గీతగానే ఉండిపోయింది. అసలు మార్పు 'బిమ్' అని పిలిచే పద్ధతి, బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్. దీని మూల ఆలోచన పాతదే. చక్ ఈస్ట్‌మన్ అనే ఆచార్యుడు 1975లోనే డ్రాయింగులకు బదులు కంప్యూటర్ వాడడం గురించి వ్యాసం రాశాడు. ఇందులో గోడ అంటే రెండు గీతలు కాదు. మందం, ఎత్తు, ఏ ఇటుక అన్నవన్నీ తెలిసిన గోడ. తలుపుని ఒక చోట జరిపితే ప్లానులో, సెక్షనులో, తలుపుల పట్టికలో అన్నిట్లో జరుగుతుంది. ఒక కాగితం మారి ఇంకోటి మారకపోవడమనే జబ్బు చాలావరకు నయమవుతుంది.

స్ట్రక్చర్, ప్లంబింగ్, ఏసీ, కరెంటు వాళ్లు ఎవరి మోడల్ వాళ్లు చేస్తారు. అన్నీ కలిపి చూస్తే ఏది దేన్ని గుద్దుకుంటుందో సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. దాన్నే క్లాష్ అంటాం. గల్ఫ్‌లో నేను పనిచేసిన ప్రాజెక్టులో మొదటిసారి నొక్కినప్పుడు వేలల్లో వచ్చాయి. గుండె ఆగినంత పనైంది. చాలావరకు ఉత్తవే, పైపు మీది తొడుగు గోడని తాకినా లెక్కపెడుతుంది. మిగిలినవాటికే వారం వారం మీటింగు. అక్కడో సరదా న్యాయం ఉంది. మురుగు గొట్టానికి మొదటి హక్కు. దానికి వాలు తప్పదు, వంచితే ఊరంతా కంపు. తర్వాత ఏసీ డక్టు, పెద్ద శరీరం కాబట్టి. నీళ్ల పైపు, కరెంటు తీగ ఎటైనా వంగుతాయి కాబట్టి వాళ్లే తప్పుకోవాలి.

నా సొరుగు సమస్యకి కూడా మందు వచ్చింది. 2018లో వెలువడిన ఐఎస్ఓ 19650 ప్రకారం సమాచారమంతా ఒకే చోట ఉండాలి. ప్రతి ఫైలూ ఏ దశలో ఉందో, ఇంకా తయారవుతోందా, ఇతరులు చూడొచ్చా, దాన్ని బట్టి కట్టొచ్చా, పాతబడిందా, దాని మీదే రాసి ఉంటుంది. బ్రిటన్ ప్రభుత్వం 2016 నుంచి తన ప్రాజెక్టులకి బిమ్ తప్పనిసరి చేసింది. మన దగ్గర నాగపూర్ మెట్రోలో మోడల్‌కి కాలం, ఖర్చు కూడా జోడించారు.

అయితే ఒక అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. 1994లో నా దగ్గర ఇవన్నీ ఉన్నా మేస్త్రీ మాట వినేవాణ్నా? మూడో రివిజన్ తెర మీద కనిపించేది, నిజమే. కానీ తప్పు ఎవరి మెడకి చుట్టుకుంటుందో అన్న భయం ఉన్న సైటులో సాఫ్ట్‌వేర్ కూడా ఉత్తరాలు రాసుకునే యంత్రమే అవుతుంది. 'మేం ఫలానా తేదీనే అప్‌లోడ్ చేశాం' అని. లండన్ హీత్రూలో ఐదో టెర్మినల్ కట్టినప్పుడు యజమాని సంస్థ ఆ ముడి విప్పింది. నష్టభయాన్ని కాంట్రాక్టర్ల మీదకి నెట్టకుండా తనే భరిస్తానంది. దాంతో తప్పు బయటపెట్టడానికి జంకు తగ్గింది. అనుకున్న రోజుకి, 2008 మార్చి 27న, టెర్మినల్ తెరుచుకుంది. (మొదటి రోజే సామాన్ల వ్యవస్థ గందరగోళమై పరువు పోయిందనుకోండి, అది వేరే కథ.)

ఇంకో పద్ధతి గ్లెన్ బల్లార్డ్ రూపొందించిన లాస్ట్ ప్లానర్. వచ్చే వారం ఏ పని అవుతుందో పై ఆఫీసు కాదు, చేసే పనివాళ్ల పెద్ద చెబుతాడు. మాటిచ్చిన పనుల్లో ఎన్ని పూర్తయ్యాయో, కానివి ఎందుకు కాలేదో వారం చివర చూస్తారు. ఇందులో కీలకం 'కాదు' అనే హక్కు. మన దగ్గర 'అయిపోద్ది సార్' అంటే దానికి పది అర్థాలున్నాయి, అందులో పూర్తవుతుందన్నది ఒకటి. ఈ పద్ధతి మా సైటులో పెట్టినప్పుడు మొదటి మూడు వారాలు ఏ మేస్త్రీ నోరు విప్పలేదు. నాలుగో వారం సెంట్రింగ్ మేస్త్రీ లేచి, "కాదు సార్, చెక్క రాలేదు" అన్నాడు. చప్పట్లు కొట్టాలనిపించింది.

చివరగా మన బడి సంగతి. స్వర్ణోత్సవానికి గుర్తుగా కట్టబోయే నాలుగు గదుల గురించి మన వాట్సాప్ గ్రూపులో ఇప్పటికి మూడు ప్లానులు తిరుగుతున్నాయి. ఏది చివరిదో నాకే తెలీదు, ఒకటి నేనే పంపాను. నిన్న సాయంత్రం ఆ స్థలం చూడ్డానికి వెళ్తే అటెండర్ గారు, "బాబూ, వానాకాలం నీళ్లన్నీ ఈ మూలకే వస్తాయి, ఇక్కడ గది కడతారా?" అన్నారు. మూడు ప్లానుల్లోనూ గది అక్కడే ఉంది.

అందుకని హెడ్మాస్టారు గారి అనుమతితో ఒక ఏర్పాటు చేశాను. ఆ మూడు ప్లానులూ రద్దు. ఒకే డ్రాయింగు, రివిజన్ సున్నా, తేదీతో సహా స్టాఫ్ రూములో బోర్డుకి అంటించాను. పక్కన ఎర్ర పెన్ను కట్టాను, ఎవరైనా దాని మీద రాయవచ్చు. వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి వేపచెట్టు కింద మొదటి మీటింగు. తాపీ మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, అటెండర్ గారు వస్తున్నారు. డ్రాయింగ్ మాస్టారు కూడా వస్తే ఒక కుర్చీ వేయిస్తాను. పెన్సిల్ చెక్కుకునే వస్తాను మాస్టారూ.