ట్యాంకులో నీళ్లు చేరితే



2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ ఎలా మునిగిందో మన విజయవాడవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అలా మునిగిన కారుకు వరద తీశాక ఎవరైనా మొదట చేసే పని, తాళం తిప్పి చూడటం. నేను వద్దనేది ఆ పనే.

తాళం తిప్పగానే, ఇంజిన్ కదలకముందే, ట్యాంకులోని పంపు పని మొదలుపెడుతుంది. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో, లీటరు నీళ్లు కిలో. కాబట్టి వరదలో ట్యాంకులోకి వెళ్లిన నీళ్లు అడుక్కి చేరతాయి. పంపు పీల్చేదీ అడుగునుంచే. పైన ఎంత మంచి పెట్రోలున్నా ముందు లోపలికి వెళ్లేది నీళ్లే. సెల్ఫ్ కొట్టిన కొద్దీ అవి పైపులు, ఫిల్టరు దాటి ఇంజెక్టర్ల దాకా పోతాయి. ట్యాంకు కడిగితే తీరిపోయే పని ఇంజెక్టర్లు విప్పేదాకా వస్తుంది.

ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ కొద్దిపాటి తడిని తనలో కలిపేసుకుంటుంది. హద్దు దాటిందా, పెట్రోలును వదిలేసి నీళ్లతో కలిసి కిందికి దిగిపోతుంది. అడుగున సరిగా మండని ద్రవం, పైన ఆక్టేన్ తగ్గిన పెట్రోలు మిగులుతాయి. ఇంకో పది లీటర్లు కొట్టిస్తే సర్దుకుంటుందని ఎవరు చెప్పినా నమ్మకండి. ట్యాంకు ఖాళీ చేయించాలి, పైపులు శుభ్రం చేయించాలి, ఫిల్టరు మార్పించాలి.

డీజిల్ బండికి ముప్పు ఇంకా ఎక్కువ. అందులో పంపుకూ ఇంజెక్టర్లకూ డీజిలే కందెన. నీళ్లు వెళితే జారుడు పోయి భాగాలు అరుగుతాయి, తుప్పు పడతాయి. చాలా బళ్లలో ఫిల్టరు కింద నీళ్లు వదిలే ప్లగ్గు ఉంటుంది. డ్యాష్‌బోర్డులో నీటి లైటు వెలిగితే బండి ఆపి నీళ్లు తీయించండి, రేపు చూద్దాం అనుకోవద్దు.

నీళ్లు వరద వల్లే కాదు, బంకు నుంచీ రావచ్చు. బంకులో కొట్టించుకున్న కాసేపటికే బండి జర్కులిచ్చి ఆగిపోతే అక్కణ్నుంచి లాగించుకెళ్లండి. బిల్లు పారేయకండి. ట్యాంకు అడుగునుంచి తీసిన పెట్రోలును మెకానిక్ చేతే గాజు సీసాలో పోయించి, కదపకుండా ఉంచమనండి. నీళ్లెక్కువుంటే కింద వేరే పొర కనబడుతుంది. బంకువాళ్లను నిలదీయడానికి బిల్లూ ఆ సీసా మీ చేతిలో ఉండాలి.

చివరిగా బీమా మాట. మునిగిన బండికి సెల్ఫ్ కొట్టి ఇంజిన్ పాడుచేసుకుంటే మామూలు పాలసీ కింద డబ్బు రాకపోవచ్చు. వానలు మొదలవకముందే మీ పాలసీ తీసి, ఇంజిన్ రక్షణ ఉందో లేదో చూసుకోండి.